కాలు పలికించిన గాంధారం

మా మేనత్త నన్ను జీవితంలో ఒకే ఒక్కసారి మెచ్చుకుంది. తీరా ఆరా తీస్తే ఆ మెప్పు నా చేతికి రావలసింది కాదు, కుడికాలికి రావలసింది. ఇదేం గోల అనిపిస్తుంది. మొదటి నుంచీ చెప్తాను.

విజయనగరంలో మాది వయొలిన్ ఇల్లు. మాటలు ఆలస్యంగా వచ్చిన పిల్లల గురించి మా వాళ్లు బెంగపడరు, శ్రుతి ఆలస్యంగా పట్టుకున్న పిల్లల గురించి బెంగపడతారు. మా నాన్న బాగా వాయించేవాడు. ఆయన కంటే బాగా వాళ్ల అక్క వాయించేది. ఆ అక్కే మా మేనత్త, నాకు గురువు. పెద్దయ్యాక వాళ్లబ్బాయిని, అంటే మా బావని, పెళ్లి చేసుకున్నాను కనుక ఆవిడే అత్తగారు కూడా. చదువూ సంసారం ఒకే మనిషి దగ్గర పెట్టుకోకూడదని ఎవరైనా ముందే చెప్పి ఉంటే వినేదాన్నేమో. పొద్దున పప్పులో ఉప్పు చాలలేదనీ, సాయంత్రం తోడి రాగంలో గాంధారం చచ్చిపోయిందనీ ఒకే గొంతుతో చివాట్లు పడేవి. బావ మాత్రం చిన్నప్పుడే వయొలిన్‌కి ఒక దండం పెట్టి తప్పుకున్నాడు. రైల్వేలో చేరి, కొత్తవలస స్టేషన్లో పనిచేస్తూ, రైళ్ల రొద మధ్య ప్రశాంతంగా బతుకుతున్నాడు.

జరిగింది అర్థం కావాలంటే మేం కూర్చునే పద్ధతి తెలియాలి. నేల మీద మఠం వేసుకుని కూర్చుని, కుడిపాదం కాస్త ముందుకు చాపి, వయొలిన్ తలని ఆ పాదం మీద చీలమండ దగ్గర ఆనిస్తాం. రెండో కొస ఎడమ భుజానికి ఆనుకుంటుంది. వినడానికి వచ్చినవాళ్లు చేతుల్నే చూస్తారు కానీ వాయిద్యాన్ని సగం మోసేది కాలే. ఈ విషయంలో అత్తకి ఎంత పట్టుదలంటే, పాఠం మధ్యలో దోమ కుట్టిందని పాదం కదిపినా కమానుతో ఒకటి పడేది.

"సెయ్యి ఊరంతా తిరిగొస్తాది. కాలు ఇంటి పట్టున ఉండాల," అనేది.

ఇక తోడి రాగంలో గాంధారం సంగతి. ఆ స్వరం ఒకచోట నిలబడకూడదు, ఊగాలి. ఎంత ఊగాలో చెప్పడానికి మాటలు లేవు, విని పట్టుకోవాలి. ఆ గమకం నాకు ఎన్నేళ్లు సాధన చేసినా పట్టుబడలేదు. నాకు శిష్యులు వచ్చారు, వాళ్లకి పట్టుబడింది, నాకు మాత్రం రాలేదు. "గోడకి మేకు కొట్టినట్టున్నాదే నీ గాంధారం," అని అత్త అనని వారం లేదు. పెళ్లయిన కొత్తలో ఆ మాటకి ఏడ్చేదాన్ని. పోనుపోను ఆ మేకుకి తువ్వాలు తగిలించుకునేంత అలవాటు పడిపోయాను.

జబ్బు మొదట కంటికి వచ్చింది. ఒకరోజు బొట్టు పెట్టుకుంటుంటే కుంకుమ ఇటుకపొడిలా కనిపించింది. కల్తీ సరుకు అమ్ముతున్నావంటూ వెళ్లి షాపతనితో దెబ్బలాడాను. పాపం ఆయన మరో పొట్లం ఇచ్చాడు. అదీ ఇటుకపొడే. ఇంటికొచ్చి ఒక్కో కన్నూ మూసి చూసుకుంటే అప్పుడు తెలిసింది, కల్తీ కుంకుమలో లేదు, నా కుడికంట్లో ఉంది. ఆ కంటికి ఎరుపంతా వెలిసిపోయింది. కన్ను అటూ ఇటూ తిప్పితే నొప్పి. మా ఊళ్లో కంటి డాక్టరు చూసి, కన్ను బాగానే ఉందమ్మా, దాని వెనక నరం వాచింది అని విశాఖపట్నంలో నరాల డాక్టరమ్మ దగ్గరికి పంపించారు.

డాక్టరమ్మ తలకి స్కానింగ్ తీయించింది. తర్వాత నిదానంగా కూర్చోబెట్టి చెప్పింది. నరాలకి పైన ఒక తొడుగు ఉంటుందట, కరెంటు తీగకి ఉన్నట్టే. ఒంటికి కాపలా కాయవలసిన కణాలే పొరపాటుపడి ఆ తొడుగుని కొరికేస్తే, ఆ దారిన వెళ్లే కబురు తడబడుతుందట. కంటి నరం దగ్గర కొరికితే చూపు, కాలికి వెళ్లే దారిలో కొరికితే నడక. "ఇలా ఒక్కసారి వచ్చి ఊరుకున్నవాళ్లూ ఉన్నారు, మళ్లీ వచ్చినవాళ్లూ ఉన్నారు. ఇప్పుడే పేరు పెట్టను. కనిపెట్టి ఉందాం," అంది. పేరు లేని జబ్బు కనుక ఇంటికొచ్చి నేను దాన్ని పెద్దగా లెక్కచేయలేదు.

కొన్ని వారాలకి ఎరుపు తిరిగొచ్చింది. దాంతో ఇంట్లో పేచీ మొదలైంది. శ్రీకూర్మం స్వామికి మొక్కుకున్నాను కాబట్టే తగ్గిందని అత్త. డాక్టరమ్మ ఇచ్చిన మందు అని బావ. తను పంపిన క్యారెట్ రసం మహిమ అని పక్కింటావిడ వీధంతా చెప్పుకొచ్చింది. వచ్చిపోయే జబ్బుతో ఇదే చిక్కు. అది పోయే వేళకి ఎవరు ఎదురుపడితే వాళ్ల గొప్పే అయిపోతుంది. నేను ముగ్గురికీ దండం పెట్టి నా పనిలో పడ్డాను.

ఆ తర్వాతి చలికాలం కాలి వంతు. కుడి అరికాలికి మేజోడు తొడిగినట్టుండేది. కూరల మార్కెట్‌కి రెండు చెప్పులతో వెళ్లి ఒక చెప్పుతో తిరిగొచ్చాను. రెండోది ఎక్కడ ఊడిందో కాలికే తెలియలేదు. వెతుక్కుంటూ మళ్లీ వెళ్తే, వంకాయలమ్మే ఆవిడ దాన్ని తీసి బుట్ట పక్కన పెట్టి ఉంచింది.

"ఏటమ్మా, ఒంటి సెప్పుతో ఎల్లిపోనావు?" అని నవ్వింది. నేనూ నవ్వాను. చలికి కాలు మొద్దుబారిందనుకున్నాను.

ఆ సాయంత్రం తోడి ఎత్తుకున్నాను. వయొలిన్ తల ఆనగానే పాదం టకటకా కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఆగమంటే ఆగదు. కాలు ఊగితే వయొలిన్ ఊగింది. వయొలిన్ ఊగితే గాంధారం మీదున్న వేలు ఊగింది. వంటింటి గుమ్మంలో చిక్కుళ్లు ఒలుస్తున్న అత్త చేతులు ఆగిపోయాయి. నేను కమాను దించేదాకా కదలకుండా కూర్చుని, అప్పుడు, "ఇప్పటికి వచ్చిందే గాంధారం," అంది.

అంతే అంది. కానీ ఆ పూట తనంతట తాను నా అన్నంలో నెయ్యి వేసింది. బొబ్బిలిలో చుట్టాలకి ఫోన్ చేసి, మా పిల్ల దారిలో పడిందని చెప్పింది. పిల్ల అంటే నేను, నలభై దాటినదాన్ని. నాకు మాత్రం గాలిలో తేలినట్టుంది. మర్నాడు అత్త గుడికి వెళ్లిన సమయం చూసి, పాదం పక్కకి తీసేసి, వయొలిన్ తల ఒక దిండు మీద ఆనించి అదే రాగం వాయించాను. మేకు. దిండు తీసి మళ్లీ పాదం మీద పెట్టాను. ఊగింది. విషయం అర్థమైంది. ఇప్పుడు అత్తకి చెప్పాలా? పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి దొరికిన మెప్పు. మీరైతే చెప్తారా? నేను దిండుని మంచం కిందకి తోసేశాను.

అయితే కాలు నా గుట్టు దాచలేదు. ఆ మొద్దుబారడం అరికాలి నుంచి మోకాలికి పాకింది, మెట్లెక్కితే కాలు మడతపడేది. బావకి సెలవు దొరక్క అత్తని తోడిచ్చి విశాఖపట్నం పంపించాడు. డాక్టరమ్మ నన్ను బల్ల మీద పడుకోబెట్టి, కుడిపాదాన్ని గబుక్కున పైకి తోసి పట్టుకుంది. పాదం టకటకా కొట్టుకుంది.

"ఇలా ఎన్నాళ్ల నుంచి ఉంది?" అని అడిగింది.

నేను అత్త వైపు చూశాను. అత్త కుర్చీలో ముందుకి వంగి ఆ పాదాన్నే చూస్తోంది. ఆవిడ చూపుడువేలు అలవాటు కొద్దీ మోకాలి మీద పాదంతో కలిసి తాళం వేస్తోంది. కాసేపటికి ఆ వేలు ఆగిపోయింది. ఆ ఊపు ఎక్కడ విన్నదో ఆవిడకి తెలిసిపోయింది. ముఖం కందగడ్డలా చేసుకుని గోడ మీద క్యాలెండర్ వైపు తిరిగింది.

డాక్టరమ్మ మళ్లీ స్కానింగ్ తీయించి, పాత మచ్చల పక్కన కొత్తవి చూపించి, ఈసారి పేరు పెట్టింది. మల్టిపుల్ స్క్లెరోసిస్. పొట్టి పేరు ఎమ్మెస్. "మీది వచ్చిపోయే రకం," అంది. జబ్బులో మళ్లీ రకాలా అని విసుక్కున్నాను.

ఆ రకాల సంగతి నాకు సెలైన్ ఎక్కించే గదిలో తెలిసింది. నాకు స్టెరాయిడ్ పెట్టారు. పక్క కుర్చీలో శృంగవరపుకోట నుంచి వచ్చిన పనసకాయల వ్యాపారి ఒకాయన, చేతికర్ర గోడకి ఆనించి, ఆర్నెల్లకోసారి ఎక్కించే వేరే మందు ఎక్కించుకుంటున్నాడు. ఆయనదీ ఇదే జబ్బు. పెళ్లి పందిట్లో ఏ ఊరండీ అని అడిగినట్టు, "మీదే రకం అండి?" అన్నాడు. వచ్చిపోయేదట అన్నాను.

"అయితే అల్లుడి రకం," అన్నాడు. "సెప్పకుండా వస్తాడు, ఇల్లు తలకిందులు సేస్తాడు, నాల్రోజులుండి ఎల్లిపోతాడు. ఎల్లేటప్పుడు ఒట్టి సేతుల్తో ఎల్లడనుకోండి, ఏదో ఒకటి పట్టుకుపోతాడు. నాది ఇల్లరికం. మొదటిరోజే పెట్టెతో దిగినాడు. ఎల్లడమన్న మాటే నేదు. రోజూ ఇంతింత సోటు ఆక్రమించుకుంటన్నాడు."

అప్పటిదాకా బిగుసుకుని కూర్చున్న అత్త ఫక్కున నవ్వింది. ఆయనకి హుషారు వచ్చింది.

"ఇంకోటుందండి మామ్మగోరూ. కొన్నేళ్లు అల్లుడిలాగే వస్తాడు, పోతాడు. పోతన్నాడు కదా అని మనం పట్టించుకోం. ఓరోజు సూసుకుంటే సంచీ సర్దుకోడం మానేసి, సొక్కా మన దండెం మీద ఆరేసుకుని ఉంటాడు. ఎప్పుడు మానేసినాడంటే ఎవులూ సెప్పలేరు."

తర్వాత డాక్టరమ్మని ఇది నిజమేనా అని అడిగాను. ఆవిడ నవ్వి, పెద్ద తప్పేమీ లేదంది. వ్యాపారిది మొదటి నుంచీ మెల్లగా పెరిగే రకం. నాలాంటి వచ్చిపోయే రకం కొందరిలో, కొన్నేళ్లు గడిచాక, రాకపోకలు లేకుండా మెల్లగా పెరిగే దారి పడుతుంది. అందరిలోనూ అలా జరగాలని లేదు. రాకపోకలు తగ్గించే మందులు ఉన్నాయి, బాగుంది కదా అని వాటిని మానేయకూడదు. ఈ నాలుగు ముక్కలూ మొదటే తెలిసి ఉంటే క్యారెట్లు మిగిలేవి.

తిరుగు రైల్లో అత్త కిటికీ వైపు తిరిగి కూర్చుంది. నా మీద కోపమో, తన చెవి మీద కోపమో తెలియలేదు. కొత్తవలసలో బావ డ్యూటీ దిగి మా పెట్టెలోకే ఎక్కాడు.

"ఏటందే డాక్టరు?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపు అత్త కిటికీ వైపే చూస్తూ, "గాంధారం వచ్చిందన్నాను. అన్నది అన్నదే. ఎనక్కి తీసుకోను," అంది. బావకి తలా తోకా తెలియలేదు. నాకు జబ్బు పేరు విన్నప్పుడు రాని ఏడుపు అప్పుడు వచ్చింది. సంతోషంతోనే.

అల్లుడు వెళ్లిపోయాడు. వసంతం వచ్చేసరికి పాదం నేల మీద బుద్ధిగా కూర్చుంది. తోడి వాయిస్తే గాంధారం మళ్లీ బిగుసుకుంది. "మేకు దిగిపోనాదే," అంది అత్త, ఇంత తృప్తిగా ఆ మాట ఎప్పుడూ అనలేదు. ఇద్దరం నవ్వుకున్నాం. అప్పటి నుంచి మా ఇంట్లో మేకు శుభవార్త. మందులు వాడాను. తర్వాత మరోసారి చేతివేళ్ల మీదకి వచ్చి వెళ్లాడు, పెద్దగా పట్టుకుపోయిందేమీ లేదు. వచ్చినవాడు వెళ్తాడన్న ధైర్యం నాకు బాగా అలవాటైపోయింది.

ఆ ధైర్యమే నన్ను కొన్నేళ్లు బద్ధకంగా ఉంచింది. కుడికాలు మెల్లగా ఈడ్చుకోవడం మొదలుపెట్టింది. ఫలానా రోజున మొదలైందని చెప్పడానికి లేదు. చెప్పు ముందు వైపు అరిగిపోయేది. పిల్లలకి పాఠం చెప్తుంటే చివర్లో పాదం టకటకలాడేది. చివర్లో ఉండేది మధ్యలోకి వచ్చింది, మధ్యలోంచి మొదటికి వచ్చింది. అల్లుడొచ్చాడు, పోతాడులే అని వారాలు చూశాను, నెలలు చూశాను. కాలు బాగుపడలేదు, ఒక్కసారిగా పాడవలేదు కూడా.

నాకు భయమంతా వయొలిన్ గురించే. అల్లుడే అయితే కాలు నాకు తిరిగొస్తుంది. సంచీ సర్దుకోవడం మానేసినవాడైతే వాయిద్యం ఆనించడానికి నాకు చోటు లేదు. దానికి తోడు శ్రీకూర్మం ఉంది. ఏటా ఫాల్గుణ మాసంలో డోలోత్సవం అయిన మర్నాడు, జనం పల్చబడ్డాక, మా ఇంటివాళ్లు అక్కడ మండపంలో కూర్చుని స్వామికి వినిపించేలా కాసేపు వాయించి రావడం తాతల నాటి అలవాటు. ఎవరూ పిలవరు, ఎవరూ వద్దనరు. నాన్న లేడు. అత్తకి భుజం పట్టేసి కమాను ఎత్తలేకపోతోంది. బావ ఎప్పుడో దండం పెట్టేశాడు. మిగిలింది నేనే. నేను మానితే అది నాతో ఆగిపోతుంది.

ఆ ఏడు నేనూ అత్తా శ్రీకాకుళంలో బస్సు దిగి షేర్ ఆటో ఎక్కాం. మిట్టమధ్యాహ్నం. ఆటో పైకప్పు పెనంలా కాలిపోతోంది. మా ఎదుట చేపలమ్ముకుని తీరానికి తిరిగి వెళ్తున్న ఆవిడ, కాళ్ల దగ్గర ఖాళీ ఐసు పెట్టె. గుడికి వెళ్లే రోజు నీసు తగలకూడదని అత్త చీర కుచ్చిళ్లు దగ్గరికి లాక్కుని ముడుచుకుని కూర్చుంది. కొంత దూరం వెళ్లేసరికి నా కుడికాలు కర్ర అయిపోయింది. చూపు కూడా మసకేసింది. అయిపోయింది, ఈ రోజే రావాలా అనుకున్నాను. నా ముఖమే చెప్పేసి ఉంటుంది.

"ఎండ దెబ్బమ్మా. కాలిలా ఇయ్యి," అని ఆ చేపలావిడ పెట్టె అడుగున మిగిలిన ఐసు గుప్పిట్లోకి తీసి తువ్వాల్లో చుట్టింది.

"గుడికెళ్తన్నామమ్మా," అంది అత్త, కంగారుగా.

"అయితేటి మామ్మా? సామి కూడా నీల్లలోడే కదా," అంది ఆవిడ.

మేం వెళ్లేది తాబేలు రూపంలో ఉన్న స్వామి దగ్గరికే మరి. అత్త తనే ఆ మూట అందుకుని నా కాలికీ మెడకీ అద్దింది. ఆటో శ్రీకూర్మం చేరేసరికి చూపు తేటపడింది, కాలు కదిలింది. దిగి, చేపల వాసన వదిలేదాకా కాళ్లూ చేతులూ కడుక్కుని మండపంలో కూర్చున్నాను. చల్లబడ్డ కాలు బుద్ధిగానే ఉంది. నాలుగు రాగాలు వాయించాను. తోడిలో మేకు దిగింది. అత్త కళ్లు మూసుకుని తలాడించింది. ఎండే, ఉత్త ఎండే అనుకుంటూ ఇంటికొచ్చాం. నేను దారి పొడుగునా పాటలు పాడాను.

ఆ సంబరంతోనే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ఈసారి బావ కూడా వచ్చాడు. ఆవిడ అంతా విని, ఆటోలో జరిగింది ఎండ వల్లేనంది. పాత దెబ్బ తగిలిన నరాలు ఒళ్లు వేడెక్కితే మొరాయిస్తాయి, చల్లబడితే సర్దుకుంటాయి, అది కొత్త జబ్బు కాదు. తర్వాత నన్ను వరండాలో ఆ చివర నుంచి ఈ చివరకి నడిపించింది. పాత స్కానులూ కొత్త స్కానులూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఆ రోజుకి కారణం ఎండ. ఈ ఏడాదంతటికీ ఎండ కారణం కాదమ్మా. దాడి ఏదీ లేకుండానే కాలు తగ్గుతూ వచ్చింది. మెల్లగా పెరిగే రెండో దారిలో పడింది," అంది. కండరాల బిగువు తగ్గించడానికి మాత్రలు మార్చింది, వ్యాయామాలు రాసింది, మందు కూడా మారుద్దామంది. ఇంత మెల్లగా నడిచే దానితో చాలా ఏళ్లు నెట్టుకురావచ్చని కూడా చెప్పింది. మంచి మనిషి. అయినా ఆ పూట నాకు ఒళ్లు మండిపోయింది.

"ఎప్పుడు పడిందంట రెండో దారిలో? నేను ఇంట్లోనే ఉన్నాను కదా, నాకు తెలియకుండా ఎప్పుడు పడింది?" అని రైల్లో బావ మీద అరిచాను.

కొత్తవలస స్టేషన్ దాటాక బావ కిటికీ బయటికి చూపించి, "అదిగో కిరండూల్ లైను. కొంచెం దూరం మన పక్కనే వచ్చి, తర్వాత అరకు కొండలేపు తిరిగిపోతాది. ఏ పట్టా మీదున్నాడో లోపల కూకున్నోడికి తెలీదు. మలుపు తిరిగినాక ఎనక్కి సూస్తే తెలుస్తాది," అన్నాడు.

"నువ్వు స్టేషన్లో ఉండేవాడివే కదా, ముందే చెప్పొచ్చు కదా."

"బండి సంగతైతే సెప్తాను. నీ సంగతి నాకేటి తెలుసే," అన్నాడు. పట్టుకున్న నా చెయ్యి మాత్రం వదల్లేదు. అప్పటికి నా కోపం సగం దిగింది. మిగతా సగం విజయనగరంలో రిక్షా వాడి మీద దింపాను.

మాత్రలతో నడక కొంత నయమైంది. వయొలిన్ బరువు పడితే మాత్రం పాదం ఊరుకోదు. ఆ ఊపు గాంధారానికి సరిపోయింది కానీ మిగతా స్వరాలు ఏం పాపం చేశాయి? అన్నీ ఊగిపోయేవి. ఇటుక మీద పెట్టి చూశాను, జారిపోయింది. దిండు సగం పాటకి కుంగిపోయేది. కుర్చీలో కూర్చుని ఇంగ్లీషు వాళ్లలా భుజం మీద పెట్టుకోండి టీచర్ అన్నారు పిల్లలు. అదీ చూశాను.

"పెళ్లి బ్యాండులాగున్నాది," అంది అత్త. "ఇటికలకీ దిండ్లకీ ఏటి తెలుస్తాదే? మనిషి ఒంటి మీద ఆనాల వయొలిన్."

నిజం చెప్పొద్దూ, ఆ మాటకి నాకు చాలా కష్టం తోచింది. ఒంట్లో లేని కాలిని ఎక్కడి నుంచి తేవాలి? మళ్లీ ఫాల్గుణం దగ్గరపడుతుంటే, ఈ ఏడు నేను రానని చెప్పేశాను. అత్త విననట్టే వంటింట్లోకి వెళ్లిపోయింది. డోలోత్సవం మర్నాడు తెల్లవారుజామున, ఎండెక్కకుండానే, బావ కారు మాట్లాడి వాకిట్లో నిలబెట్టాడు. వయొలిన్ పెట్టె అప్పటికే అందులో ఉంది. వయొలిన్‌ని ఊరికే తీసుకెళ్లి స్వామికి చూపించి తెస్తాం కాబోలనుకుని ఎక్కాను.

మండపంలో రాయి చల్లగా ఉంది. ఎప్పుడూ కూర్చునే స్తంభం దగ్గర అత్త నన్ను కూర్చోబెట్టింది. బావ ఆవిడ రెండు జబ్బలూ పట్టుకుని నా ఎదురుగా, కాస్త కుడివైపుకి, మెల్లగా దింపాడు. డెబ్బై దాటిన మనిషి, మోకాళ్లు టపటపమన్నాయి. ఆవిడ కుడికాలు చాపి, చీర అంచు సర్దుకుని, నా పాదాన్ని చేత్తో పక్కకి జరిపి, అది ఉండే చోట తన పాదం పెట్టింది.

"ఇయ్యి," అంది.

నాకు అర్థం కావడానికి క్షణం పట్టింది. వయొలిన్ తల ఆవిడ చీలమండ మీద ఆనించాను. ముసలి పాదం, పగుళ్లు, మట్టెలు తిరిగి తిరిగి పడిన నొక్కులు. రాయి మీద రాయిలా ఉంది. చిన్నప్పుడు పాదం కదిపితే కమానుతో కొట్టిన మనిషి. నాకు ఏడుపొచ్చింది. ముక్కు ఎగబీల్చి, కమాను ఎత్తి, భయంభయంగా షడ్జం పట్టాను. ఊగలేదు. ఇంకాస్త వాయించాను. ఏ స్వరం పిలిస్తే ఆ స్వరం వచ్చి నిలబడింది. ఎన్ని నెలలైంది అలా విని. కిందటేడు మంచు గడ్డతో వచ్చిన ధైర్యం కాదు ఇది. నా కాలు ఇక రాదని తెలిసే వాయిస్తున్నాను.

బావ స్తంభానికి ఆనుకుని చూస్తున్నాడు. గుళ్లోకి వచ్చినవాళ్లు ఇద్దరు ముగ్గురు ఆగి, ఒక వయొలిన్‌కి ఇద్దరు మనుషులేమిటా అన్నట్టు చూసి ముందుకి వెళ్లారు. చివరికి తోడి ఎత్తుకున్నాను. గాంధారం దగ్గరికి వచ్చాను. నా వేలు నాకు చేతనైనంత ఊగింది. అత్త కళ్లు తెరవలేదు.

"మేకే," అంది. "పర్లేదు, నా కాలు కదలదు. నువ్వు వాయించు."